మద్దిలేటి పట్టిన లీకు

స్వప్న ఎడమకాలు చిన్నప్పుడే పోలియోతో చచ్చుబడింది. క్లచ్ తొక్కలేదు. అందుకే ఆమె తండ్రి వెతికి వెతికి, గేర్లు తనంతట తనే మార్చుకునే నలభై ఏళ్లనాటి విదేశీ కారు తెచ్చిపెట్టాడు. పెనుకొండలో ఉంటూ ధర్మవరం కాలేజీలో ఫిజిక్స్ చెప్పే స్వప్నకు ఆ బండే కాళ్లు. రెండేళ్ల పాపకు ఆయాసం వస్తే హిందూపురం ఆసుపత్రికి పరుగెత్తేదీ అందులోనే.

నెల రోజులుగా ఎత్తు వస్తే చాలు, ఇంజన్ గోల పెడుతోంది, బండి మాత్రం ముందుకు పోవడం లేదు. ఇద్దరు మెకానిక్కులు గేరుబాక్సు పోయిందన్నారు, తుక్కుకు వేసెయ్యమన్నారు. పాప దగ్గినప్పుడల్లా స్వప్న గుండె జారిపోయేది.

చివరికి హిందూపురంలో మద్దిలేటి షెడ్డుకు వెళ్లింది. ఇరవై ఏళ్లు బెంగళూరులో ఇలాంటి పాత బండ్లే బాగుచేసినవాడు. బానెట్ ఎత్తేముందు బండిగలవాళ్ల చేతే తోలించి, పక్కన కళ్లు మూసుకుని కూర్చోవడం అతని అలవాటు. నాలుగు కిలోమీటర్లు తిరిగొచ్చాక కళ్లు తెరిచాడు.

"ఆయిలు యాడ కారుతాండాది?"

"కారడం లేదన్నా. కింద చుక్క పడదు. ప్రతి ఆదివారం గేరుబాక్సు ఆయిలు కొలిచే కడ్డీ తీసి చూస్తాను. నిండుగానే ఉంటుంది."

"ఇంజన్ ఆపా, నడస్తాండగానా?"

"ఆపే."

మద్దిలేటి నవ్వాడు. "ఫిజిక్స్ మేడమే ఇట్లంటే ఎట్లమ్మా! ఆపితే పైనున్న ఆయిలు కిందికి దిగి నిండుగా కనపడతాది. బండి వేడెక్కినాక, ఇంజన్ నడస్తాండగా సూడాల."

అలా చూస్తే కడ్డీ కొన కూడా తడవలేదు. స్వప్న చెవులు వేడెక్కాయి.

"మరి ఎక్కడికి పోయిందన్నా?"

అతను బండి కిందికి దూరి, గేరుబాక్సు నుంచి ఇంజన్‌కు పోయే సన్నని రబ్బరు గొట్టం ఊడదీశాడు. అందులోంచి ఎర్రటి ఆయిలు బొట్లు బొట్లుగా రాలింది.

"ఇదో, గొట్టం తగిలించే ఈ చిన్న డబ్బీలో రబ్బరు పొర చినిగింది. ఇంజనే ఆయిలు పీల్చి కాల్చేస్తాండాది. ఎనకాల తెల్లపొగ వస్తాండెనా?"

"పాతబండి కదా, అంతేనేమో అనుకున్నాను."

వేలికంటిన ఆయిలు వాసన చూశాడు. "మాడిన వాసన లేదమ్మా. లోపలంతా బాగుండాది. గేరుబాక్సు ఇప్పే పనే లేదు."

స్వప్న కళ్లు నిండాయి. మద్దిలేటి అది చూడనట్టే పాత సామాన్లు కెలికి, అలాంటి డబ్బీనే తీసి బిగించాడు. ఆయిలు నింపి, ఇంజన్ నడుస్తుండగా ఈసారి ఆమె చేతే కొలిపించాడు.

పది రోజులకు పాపకు మళ్లీ ఆయాసం వచ్చింది. దారి పొడవునా బండి ఒక్క ఎత్తు దగ్గరా తడబడలేదు. ఆసుపత్రిలో మందు పట్టించాక పాప ఊపిరి కుదుటపడింది. తిరుగుదారిలో స్వప్న షెడ్డు ముందు ఆగింది.

"దండాలన్నా. నువ్వు లేకుంటే..."

"అదుండనీమ్మా, పాపకెట్లుండాది?"

"ఇదిగో, నువ్వే చూడు."

మద్దిలేటి కొళాయి దగ్గరికి పోయి రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. అప్పుడు గానీ పాపకోసం చేతులు చాచలేదు.