ఖలఫల్లా తాచుకిచ్చిన మాట

పాము పట్టే ముందు ఖలఫల్లా నలుగురికీ వినబడేలా ఒట్టు పెడతాడు. "మా పాములవాళ్ల గురువు రిఫాయీ పీరు మీద ఆన! నువ్వు నన్ను కరవకు, నీ ఒంటికి నేను కత్తి తగలనివ్వను. బయటికి రా తల్లీ!" తాతల నాటి నుంచీ ఆ ఇంట్లో ఆ మాట మారలేదు. పాములు ఒట్టు విని వస్తాయా, కర్ర చప్పుడుకి వస్తాయా అని ఎవరైనా అడిగితే అతనికి ఒళ్లు మండుతుంది. యాభై దాటినా పది వేళ్లూ ఉన్నాయా లేవా, లెక్కపెట్టుకోండి అంటాడు.

అలాంటి మనిషి పోయిన నెల తను పట్టిన ఒక తాచును కైరోలో పాలరాయి వ్యాపారం చేసే షౌకత్ బే అనే షావుకారుకి అమ్మాడు. అద్దాల పెట్టెలో పెట్టి పెంచుకుంటానన్నాడు బే. శుక్రవారం పొద్దున ఆయనే ఫోన్ చేశాడు.

"ఇక భయం లేదోయ్ ఖలఫల్లా! డాక్టరు చేత దాని విషపు తిత్తులు రెండూ కోయించేశాను. పిల్లిపిల్లయిపోయింది. వచ్చి చూడు!"

ఖలఫల్లా నోటిదాకా వెళ్లిన రొట్టె ముక్క పళ్లెంలోకి తిరిగొచ్చింది.

"ఏమైందయ్యా?" అంది భార్య సబ్రియా.

"కత్తి తగలనివ్వనన్నాను. తగిలింది."

"అమ్మేటప్పుడు ఏమైందీ బుద్ధి? పాముల్ని పట్టే మొనగాడివే గానీ, మనుషుల్ని పోల్చుకోవడం రాదు నీకు."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. పాము చేతులు మారితే ఒట్టూ చేతులు మారుతుందని అప్పుడు తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఇప్పుడా సర్దుబాటు చెల్లలేదు. చెప్పులేసుకుని బస్సెక్కాడు.

బే ఇంట్లో తాచు పెట్టె మూలన చుట్టుకుని ఉంది. కళ్ల వెనక రెండువైపులా కుట్లు. పన్నెండు రోజులుగా ఏమీ మింగలేదట.

"మీకది విషం బేగారూ, దానికది ఉమ్ము. అది పోతే తిండెలా అరుగుతుంది?"

"మా అమ్మాయి ఇంట్లో తిరుగుతుంది కదయ్యా. భయం ఉండదూ?"

"భయమైతే పెంచకండి. భయం లేని పాము కావాలంటే తాడు కొనుక్కోండి!"

బే పకపకా నవ్వాడు. "నీ చాదస్తం నువ్వూను! ఇదిగో చూడు" అంటూ మూత తీసి పెట్టెలో చెయ్యి పెట్టబోయాడు.

ఖలఫల్లా ఆ మణికట్టు పట్టుకుని బలంగా వెనక్కి లాగాడు. తన తలమీది ఉన్ని టోపీ తీసి తాచు ముందు ఆడించాడు. ముందు టోపీని కరిపించకుండా ఏ పాము మీదా చెయ్యి వేయడం వాళ్ల వృత్తిలో లేదు. తాచు కస్సుమని కాటేసింది. టోపీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశారిద్దరూ. రెండు గాట్లు. ఒకటి పొడిగా ఉంది. రెండోదాని చుట్టూ పసుపుపచ్చని తడి.

షౌకత్ బే కుర్చీలో కూలబడ్డాడు. "రెండూ తీశానన్నాడే డాక్టరు!"

"ఒకవైపు కాస్త మిగిలిపోయింది. దాని కాటుకంటే ముందు మీ ధీమా చంపేది మిమ్మల్ని."

"తీసుకుపో బాబూ! ఈ క్షణమే తీసుకుపో!"

పైకి విచారంగా మొహం పెట్టాడు గానీ, ఖలఫల్లాకు లోపల పండగే. ఆయన చెయ్యి దక్కింది. తాచుకు దాని సొత్తు సగమైనా దక్కింది.

సాయంకాలం ఊరవతల, పొలాలు ఆగి ఇసుక మొదలయ్యే చోట సంచి విప్పాడు. తాచు జారి పడి, పడినచోటే ఉండిపోయింది. కదలదు. ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"తప్పయిపోయింది తల్లీ. మాటిచ్చి తప్పాను" అంటూ, ఊపిరుందో లేదోనని చెయ్యి కొంచెం చాపాడు.

తాచు నిలువునా లేచింది. పడగ విప్పి, బుస కొట్టి అతని మీదికే దూకింది. ఖలఫల్లా వెల్లకిలా పడి, లేచి, చెప్పులక్కడే వదిలేసి పరిగెత్తాడు. ఇరవై అడుగుల అవతల ఆగి వెనక్కి చూశాడు. ఒంటినిండా ఇసుక, కళ్లనిండా నీళ్లు. నవ్వు ఆగడం లేదు.

"కోపముంది! దానికింకా కోపముంది!" అని ఖాళీ పొలాలకు వినబడేలా అరిచాడు.