మామయ్య మంచం వాకిట్లోకొచ్చిన ఏడాది

మొన్న పొద్దున కాఫీ తాగుతుంటే అలమరలో గిన్నెలు వాటంతట అవే గలగలమన్నాయి. వీధంతా బయటికి పరుగెత్తుకొచ్చాం. పక్కింటి పిన్ని స్టవ్ ఆపలేదని మళ్ళీ లోపలికెళ్ళి మరీ వచ్చింది. బెల్లంకొండ దాకా భూమి కదిలిందంట అని ఎవరో ఫోన్ చూసి చెప్పారు. ఏం చెయ్యాలో తెలియక ఎవరింట్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం. నాకు మాత్రం మా మేనమామ గుర్తొచ్చాడు.

ఆయన లారీ డ్రైవరు. మాచర్ల నాపరాళ్ళు ఎత్తుకుని దేశమంతా తిరిగేవాడు. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. వీధి మొదట్లో ఆయన దగ్గితే ఇంట్లో మా అత్త అన్నం వడ్డించేది. ఒకసారి ఉత్తరాదిన ఒక ఊరి బయట లారీ ఆపి టీ తాగుతుండగా భూకంపం వచ్చింది. గ్లాసు చేతిలో ఉండగానే ఎదురుగా ఊరు దుమ్మయిపోయిందని చెప్పేవాడు. పరుగెత్తి వెళితే, కూలిన ఇంటి శ్లాబు కింద నుంచి ఒక ఆడమనిషి గొంతు వినపడింది. లారీ జాకీ తెచ్చి పెట్టాడు. జాకీ కింద అంతా పిండిపిండైన గోడల మట్టే. తిప్పేకొద్దీ జాకీ దిగబడింది గానీ శ్లాబు లేవలేదు. గడ్డపార లేదు, క్రేను లేదు, ఇట్టా చెయ్యమని చెప్పేవాడూ లేడు. ఆమె భాష ఈయనకు రాదు. "వస్తన్నారమ్మా, వస్తన్నారు" అని తెలుగులోనే చెబుతా కూర్చున్నాడంట. క్రేను మర్నాడొచ్చింది. అప్పటికి ఆ గొంతు ఆగిపోయి చానాసేపయింది.

ఇంటికొచ్చాక మంచం వాకిట్లో వేశాడు. అప్పట్లో మా ఇళ్ళన్నీ గోడల మీద నాపరాళ్ళు పరిచిన కప్పులే. వానల్లో రేకు కింద ముడుచుకుని పడుకునేవాడు గానీ లోపలికి పోయేవాడు కాదు. "ఏందయ్యా ఇది? పెళ్ళాం గెంటేసిందనుకుంటన్నారు ఊళ్ళో" అని అత్త గొణిగేది. "ఏమే, నువ్వు కూడా బయటికొచ్చెయ్" అని నవ్వేవాడు. ఆమె రాకపోతే మళ్ళీ అనేవాడు. ఆ రెండోసారి నవ్వుండేది కాదు.

ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి అడిగాడు. బడి దగ్గర ఒక గదిలో జాకీలు, గడ్డపారలు, మోకులు ఉంచుదామన్నాడు. ఇల్లు ఊగితే ఎట్టా బయటపడాలో పిల్లలకు నేర్పుదామన్నాడు. సర్పంచి వరసకు బావమరిది. "బావా, మనది బండనేల. ఇక్కడ భూమి కదిలేది ఎలక్షన్లప్పుడే" అన్నాడు. అందరూ నవ్వారు, మామయ్య కూడా. తర్వాత తనే కొన్ని సామాన్లు కొని కొట్టంలో పెట్టాడు. బావి పూడిక తియ్యాలని ఒకరు, ట్రాక్టరు దిగబడిందని ఇంకొకరు పట్టుకుపోయారు. కాదనలేకపోయాడు. ఒక్కటీ తిరిగి రాలేదు. ఆఖర్లో పక్షవాతమొచ్చి మాట పడిపోతే, చలిగాలి తగలకూడదని మేమే ఆయన్ని రాతికప్పు కిందకు చేర్చాం. వద్దనడానికి నోరు లేదు. కళ్ళు మాత్రం ఆ కప్పు మీంచి తిప్పలేదు.

సాయం వచ్చేలోపు గడిచే కాలం గురించే ఆయన నోట మాటున్నన్నాళ్ళూ మాట్లాడాడు. ఆ కాలం మా ఊళ్ళో ఇంకా అట్టాగే ఉంది, ఎంత పొడుగో ఎవరికీ తెలియకుండా.