ఎల్లో ప్లేట్లు ఇచ్చేసిన రోజు

కిందటి చలికాలం ఒక పొద్దున్న పొయ్యి ముందు కూర్చుని టీ తాగుతున్నాను. అరకులో ఆ నెలల్లో మనిషిని పొయ్యి దగ్గర్నుంచి లేపడం ఎవడి తరమూ కాదు. మా ఆవిడ పక్కనే చోడి అంబలి కలుపుతోంది. ఉన్నట్టుండి గరిటె పడేసి అరిచింది.

“ఏటి సేత్తన్నావు? కాలు కాల్తంది, ఒళ్ళు తెలీడం లేదేటి?”

చూస్తే నా కుడికాలి వేళ్ళు నిప్పుకణిక మీద ఉన్నాయి. కమురు వాసన నాకూ వచ్చింది గానీ పొయ్యిలో ఏ కోడి ఈకో పడిందనుకున్నాను. కాలు లాక్కున్నాక చూస్తే చర్మం బొబ్బలెక్కి ఊడి వస్తోంది. నొప్పి మాత్రం లేదు. కొంచెం కూడా లేదు.

డాక్టరు ఒక సూదిలాంటి దాంతో పాదమంతా పొడిచి, ఎక్కడ తెలుస్తోందో చెప్పమన్నాడు. నేను కళ్ళు మూసుకుని ఎదురుచూస్తూనే ఉన్నాను. ఇంకా మొదలెట్టలేదేమిటా అనుకుంటుంటే ఆయన ‘అయిపోయింది, కళ్ళు తెరువు’ అన్నాడు. షుగరు వల్ల నరాలు చచ్చుబడ్డాయట. ‘ఈ కాలితో బండి తోలకు. అది బ్రేకు మీద ఉందో లేదో నీకు తెలీదు’ అన్నాడు. మళ్ళీ స్పర్శ వస్తుందా అని అడిగాను. రాదన్నాడు. ఎడమకాలినైనా కాపాడుకోమన్నాడు.

నేను డ్రైవర్ని. అరకు స్టేషన్ బయట టాక్సీ స్టాండులో మొదట అద్దె బండి, తర్వాత సొంత బండి. టూరిస్టుల్ని గుహలకీ కాఫీ తోటలకీ జలపాతాలకీ తిప్పడం నా పని. వాళ్ళు ప్రతి మలుపులోనూ ఆపమంటారు, ఫొటోలు దిగుతారు, వాంతులు చేసుకుంటారు, చివర్లో ‘అన్నా, భలే తోలావే’ అంటారు. ఆ మాట కోసం వాంతులు కూడా కడిగేవాణ్ణి. మాది కొండ మీది ఊరు. మా నాన్నకి సైకిల్ తొక్కడం కూడా రాదు. ఆయన కొడుకు ఘాట్ రోడ్డు మీద బండి నడుపుతున్నాడంటే మా ఊళ్ళో అది చిన్న విషయం కాదు.

అందుకే కాలి సంగతి ఎవరికీ చెప్పలేదు. కట్టు చూసి అడిగినవాళ్ళకి వేన్నీళ్ళు పడ్డాయన్నాను. బండి షెడ్డులో ఎందుకు ఉందంటే డీజిలు గిట్టడం లేదన్నాను. డ్రైవరుకి కాలు పోయిందని తెలిస్తే వాణ్ణి ఇంక డ్రైవరనరు, అయ్యో పాపం అంటారు. నాకు ఆ అయ్యో పాపం అంటే ఒళ్ళు మంట. మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు.

“బండి అమ్మీ. ఎవుల్నైనా సంపీసి జైలుకి పోతావేటి?” అంది.

సరే అన్నాను. అప్పటినుంచీ ప్రతిదానికీ సరే అనడం అలవాటైపోయింది. కోపం రాలేదు, బాధ రాలేదు. కాలికి పట్టిన మొద్దుతనం మెల్లగా పైకి పాకి నెత్తిదాకా వచ్చిందేమో అనిపించేది.

కొన్నది ఒక టీచరమ్మ. పాచిపెంట వైపు అమ్మాయి, మా దగ్గర ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తోంది. సెలవులకి ఇంటికి వెళ్ళాలంటే నా బండే కట్టించుకునేది, నన్ను బాబాయ్ అని పిలిచేది. డ్రైవింగ్ కిందటి ఏడాదే నేర్చుకుంది. బండి కొన్నప్పుడు మా ఆవిడ ఊరి దేవత దగ్గర కోడిని కోసి అద్దానికి ఒక ఎర్రగుడ్డ కట్టింది. టీచరమ్మ చర్చికి వెళ్ళే మనిషి కదా, విప్పేయబోయాను. ‘ఉండనీ బాబాయ్, ఇన్నాళ్ళూ దానికీ అలవాటే కదా’ అంది. మంచి పిల్ల.

మాది టాక్సీ బండి. ఆమెకి కావలసింది సొంత వాడకానికి. అంటే పర్మిట్ వెనక్కి ఇవ్వాలి, పేరు మారాలి, ఎల్లో ప్లేట్లు పోయి వైట్ ప్లేట్లు రావాలి. ఇవన్నీ వారాల తరబడి సాగి సాగి చివరికి రెండే పనులు మిగిలాయి. పాత ప్లేట్లు ఆర్టీవో ఆఫీసులో అప్పగించడం, నా పేరున ఉన్న టాక్సీ ఇన్సూరెన్సు రద్దు చేయించడం. ఆ రెండింటికీ ఆ రోజు ఇద్దరం పాడేరు వెళ్ళాం. ఆమె తోలింది, నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఆ సీట్లోంచి బండి చాలా వెడల్పుగా కనిపించింది.

అక్కడ ఒక మెకానిక్కు డ్రిల్లింగ్ మిషనుతో రివిట్లు కోసి ఎల్లో ప్లేట్లు ఊడదీసి వైట్‌వి బిగించాడు. పాతవాటి వెనకాల పేరుకున్న మట్టిని నేను తువ్వాలుతో తుడుస్తుంటే ‘ఎందుకన్నా, ఎలాగూ తుక్కులోకే కదా’ అని నవ్వాడు. నోరు మూసుకుని నీ పని చూసుకోమన్నాను. ఆ మాత్రం కోపం వచ్చినందుకు లోపల కాస్త సంతోషించాను కూడా. అంతలోనే అదీ చల్లారిపోయింది. ఆఫీసులో ఒకాయన ప్లేట్లు తీసుకుని, నెంబరు సరిచూసి, మూలనున్న గుట్ట మీదకి విసిరాడు. అక్కడ అలాంటివి చాలా ఉన్నాయి.

‘ఇంకేమైనా చెయ్యాలాండీ?’ అన్నాను.

‘ఏమీ లేదు, వెళ్ళిపోవచ్చు’ అన్నాడు.

మెట్లు దిగుతుండగా ఫోన్ మోగింది. స్టాండులో రెండు బళ్ళున్నవాడు, నాకు మేనల్లుడి వరస.

“మావా, బండి అమ్మీసేవట కదా. కాళీగా కూకుని ఏటి సేత్తావు? రేపు వైజాగు నుంచి ఓ ఫ్యామిలీ వస్తన్నారు. సిన్న సిన్న గుంటలున్నారు, మెల్లగా తోలేవోడు కావాలన్నారు. నాను నీ పేరే సెప్పీసేను.”

చెప్పాల్సింది అక్కడే. వాడు మంచివాడు, అర్థం చేసుకునేవాడే. కానీ మెల్లగా తోలేవాడంటే స్టాండులో అందరికీ నేనే గుర్తొస్తానన్న మాట చెవిలో పడ్డాక నా నోరు దానంతటదే ‘సరేరా’ అనేసింది.

“బేగి వచ్చీ. ఆరు గంటలకల్లా బండి కాడుండాల” అని పెట్టేశాడు.

నాకు నేను సర్దిచెప్పుకోవడం మొదలెట్టాను. కాలికి తెలియకపోతే ఏం, ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? చీకట్లో అన్నం తింటే ముద్ద నోట్లోకే పోతుంది కదా. ఒక్కరోజే కదా. మా ఆవిడకి సంతకెళ్తున్నానని చెప్తే సరి.

ఇన్సూరెన్సు ఆఫీసులో కంప్యూటరు ముందున్న అమ్మాయి రద్దు ఎందుకని అడిగింది. అమ్మేశానన్నాను. టీచరమ్మ తన కొత్త పాలసీ కాగితం ఇచ్చింది. ఇందులో ఓనర్ డ్రైవరుగా మీకు ప్రమాద బీమా కూడా ఉందండీ, అదీ పోతుంది, పర్వాలేదా అంది. పోనీమ్మా అన్నాను. ఆ అమ్మాయి మీట నొక్కి, నా ముఖం చూసి, ధైర్యం చెప్పాలనుకుందో ఏమో నవ్వింది.

“ఇంక ఆ బండితో మీకేం సంబంధం లేదండీ. అది ఎవర్ని గుద్దినా మీ మీదకి రాదు.”

రేపు నేను తోలబోయేది కూడా నాది కాని బండే. అది ఎవర్నైనా గుద్దితే అని ఒక ఆలోచన వచ్చింది. దాన్ని అక్కడే ఆపేసి బయటికొచ్చి టీ తాగాను.

తిరుగు దారిలో టీచరమ్మ బాగానే తోలింది. మలుపుల్లో హారన్ కొట్టడం మర్చిపోతుంటే గుర్తుచేశాను. నన్నేమైనా తిట్టాలంటే ఇప్పుడే తిట్టెయ్ బాబాయ్, ఇంటికెళ్ళాక నాకు ఏడవడానికి టైముంటుంది అని నవ్వించబోయింది. నవ్వు రాలేదు గానీ నవ్వాను.

ఒక దిగుడు మలుపు దాటగానే రోడ్డు మధ్యలో ఒక ముసలామె. నెత్తిమీద కట్టెల మోపు, పక్కకి చూడలేదు, మా బండి ఆమెకి కనబడలేదు. నేను ‘బ్రేక్!’ అని అరిచి, ఏ డ్రైవరైనా చేసినట్టే, నా ముందున్న ఉత్త నేలని గట్టిగా తొక్కాను. టీచరమ్మ కూడా తొక్కింది. బండి కీచుమని ఆగింది. ఆమెకీ బానెట్టుకీ మధ్య జానెడు ఖాళీ కూడా లేదు. ముసలామె మెల్లగా మా వైపు తిరిగి, తన కొండభాష కువిలో శుభ్రంగా తిట్టి, రోడ్డు దిగి వెళ్ళిపోయింది.

టీచరమ్మ హ్యాండ్ బ్రేకు లాగి స్టీరింగు మీద తల పెట్టుకుంది. నేను కిందికి చూసుకున్నాను.

నా కుడికాలు బలంగానే తొక్కి ఉంది. నేను అనుకున్న చోట మాత్రం లేదు. బాగా కుడికి జరిగిపోయి, గేరు కింది గోడకి ఆనుకుని, అక్కడ నేలని అదిమిపెట్టి ఉంది. నేను డ్రైవరు సీట్లో ఉంటే అక్కడ బ్రేకు ఉండదు. యాక్సిలరేటరు ఉంటుంది. చేత్తో పట్టుకుని తీసేదాకా అది అలా అదుముతూనే ఉంది.

నేనే తోలుతూ ఉంటే ఆ ముసలామె బతికి ఉండేది కాదు. రేపు వెనక సీట్లో కూర్చునే పసిపిల్లలూ అంతే.

బండి పక్కకి తీసి ఆపమన్నాను. ఫోన్ తీసి స్టాండులోని మేనల్లుడికి కలిపాను. టీచరమ్మ వింటోందని తెలుసు. విననీ అనుకున్నాను.

“ఒరే, రేపు నేను రాను. నా కుడికాలు చచ్చుబడిపోయింది. బ్రేకు తొక్కుతున్నానో ఏది తొక్కుతున్నానో నాకు తెలీడం లేదు.”



“అదేటి మావా... మందులు వాడతన్నావా? పండగల్లోపు తగ్గిపోద్ది కదా?”

“తగ్గదురా. ఇంకెప్పుడూ తోలను.”

నేను ఆ మాట పైకి అనడం అదే మొదలు. వాడు అయ్యో అన్నాడు. ఒళ్ళు జాగ్రత్త అన్నాడు. తర్వాత ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసేసి స్టాండులో ఎవరినో కేకేశాడు. రేపు పొద్దున్న కాళీయేనా, మెల్లగా తోల్తావా అని అడగడం నాకు వినిపించింది. అవతలివాడు కాళీయే అన్నాడు.

“సరే మావా, దొరికీసేడు. నువ్వేం బెంగెట్టుకోకు” అని పెట్టేశాడు.

అరనిమిషం కూడా పట్టలేదు. కాలు కాలినప్పుడు ఏడవలేదు, బండి అమ్మినప్పుడు ఏడవలేదు, ప్లేట్లు గుట్టమీద పడినప్పుడూ ఏడవలేదు. అంత బేగి ఇంకొకడు దొరికేసినందుకు మాత్రం ఆ రోడ్డు పక్కన, కూతురి వయసు పిల్ల పక్కన కూర్చుని, భోరున ఏడ్చాను.