సరిత చేతుల కోసం ఇబ్రహీంపట్నం

నెల రోజులుగా వీడియో కాల్‌లో నా చెల్లెలు సరిత చేతులు కనిపించడం లేదు. అందుకే బయల్దేరాను.

సరితకు పుట్టుక నుంచీ వినపడదు, మాట రాదు. మా సైగలు ఏ బడిలోనూ నేర్చుకున్నవి కావు, చిన్నప్పుడు జనగామలో మేమిద్దరమే పుట్టించుకున్నవి. దాని తల రోజూ నేనే దువ్వేదాన్ని కాబట్టి నా పేరు జడ. భుజం దగ్గర రెండు చేతులతో పాయలు అల్లినట్టు చూపితే అక్క అని అర్థం. పెళ్ళయి ఇబ్రహీంపట్నం వెళ్ళాక, దాని మొగుడు మల్లేశ్ ఫోన్‌లో "అందరం మంచిగున్నం వదినా" అనడమే తప్ప దాని మాట నాకు అందలేదు. వీడియో ఫోను వచ్చాకే దానికి నోరొచ్చింది. ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, రెండు చేతులతో గంటసేపు కబుర్లు చెప్పేది. అత్తింట్లో అన్నం, నీళ్ళు, రా, పో తప్ప దాని సైగలు ఎవరూ నేర్చుకోలేదు. వాళ్ళకు తీరిక లేదట! అలాంటిది ఈ నెలంతా ఫోను మల్లేశే పట్టుకుంటున్నాడు. సరిత ముఖం ఒక్కటే కనిపిస్తుంది. అది నవ్వుతుంది. చేతులు చూపించమంటే "నెట్టు సరిగ్గ లేదు" అని పెట్టేస్తాడు.

పొద్దున ఆరింటికి జనగామలో ప్యాసింజరు ఎక్కితే ఎనిమిదిన్నరకు సికింద్రాబాద్‌లో దించింది. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను, చట్నీలో నీళ్ళు తప్ప ఏమీ లేవు. అక్కడి నుంచి ఎల్బీనగర్ దాకా సిటీ బస్సులో నిలబడే వెళ్ళాను. మీరు వెళ్తే ఆఫీసుల వేళ తప్పించుకోండి. ఎల్బీనగర్‌లో తుర్కయాంజాల్ షేర్ ఆటోల వాళ్ళు చెయ్యి పట్టి లాగినంత పని చేస్తారు. ఎక్కారంటే సగం దారిలో దిగి మళ్ళీ బస్సు కోసం నిలబడాలి. సాగర్ రోడ్డు బస్సులు వస్తూనే ఉంటాయి. ఆడవాళ్ళకు జీరో టికెట్, ఆధార్ కార్డు మరిచిపోవద్దు.

పదిన్నర బస్సులో సీటు దొరికింది. నా ముందు సీట్లో ప్లాట్లు అమ్మే మనిషి ఒకాయన ఫోనును కిటికీలోంచి బయటికి చూపిస్తూ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "అగో సార్, ఆ రాళ్ళు పాతినకాడికెల్లి మొత్తం మనదే." కాల్ అయ్యాక నావైపు తిరిగి, "ఇప్పుడెవ్వరు వచ్చి చూస్తలేరక్కా, అంత ఫోన్లనే" అన్నాడు.

"ఆ పక్కన నీళ్ళ గుంట గూడ చూపిచ్చినవా అన్నా?" అన్నాను.

పకపకా నవ్వాడు. "ఫోను నా చేతుల ఉన్నది గదక్కా. గుంట దిక్కు ఎందుకు తిప్పుత?"

నాకు మాత్రం నవ్వు రాలేదు.

పన్నెండు కాకముందే దిగాను. బస్టాండు వెనక రెండు సందులు దాటితే వాళ్ళ ఇల్లు. రెండు బర్రెల పాల మీద బతుకుతారు. గుమ్మంలో నన్ను చూడగానే సరిత కుడిచెయ్యి కొంగు కింద దాచుకుంది. నేనే కొంగు తీశాను. మణికట్టు దాకా కట్టు. బొటనవేలు ఒక్కటే బయటికి ఉంది. మిగతా వేళ్ళుండాల్సిన చోట ఏమీ లేదు.

దాని అత్త గోడకు చేరగిలబడి ఏడ్చింది. "బర్లకు గడ్డి కోస్తుంటె మిషన్ల కొంగు వడ్డది బిడ్డా. గుంజుకుందామని చెయ్యి వెట్టింది. వద్దు వద్దని మస్తు ఒర్రిన. ఎంత ఒర్రితే ఏంది, గామెకు ఇనవడదు గదా."

మూలన కూర్చున్న మల్లేశ్ తలెత్తలేదు. "దవాఖానల వేళ్ళు అతికియ్యనీకె రాదన్నరు వదినా. నీకు చెప్తే తీస్కపోతవని భయమైంది."

"నెల రోజులు నాకు నవ్వే మొఖం చూపెడ్తివి గదరా!" అని అరిచాను.

సరిత నా గడ్డం పట్టి తనవైపు తిప్పుకుంది. ఎడమచేతిని మెడ పక్కన గాలిలో తిప్పింది. అర్థం కాలేదు. మళ్ళీ తిప్పింది. మెడ నొప్పా? ఆకలా? ఇంటికి వస్తావా? అన్నీ అడిగాను. దేనికీ తల ఊపలేదు. మూడోసారి కట్టున్న చేతిని కూడా పైకెత్తబోయి, నొప్పికి ఆగిపోయి, నేలను చరిచి గోడవైపు తిరిగి పడుకుంది. బుద్ధెరిగాక దాని మాట నాకు అర్థం కాకపోవడం అదే మొదలు.

అన్నం కలిపి నోట్లో పెడితే తిన్నది. నాతో రమ్మంటే బర్రెల వైపు చూసి, రానన్నట్టు తల ఊపింది. వచ్చేటప్పుడు మల్లేశ్ సందు చివరిదాకా వెంట వచ్చాడు. "నేను గూడ సైగలు నేర్సుకుంట వదినా" అన్నాడు. ఇన్నేళ్ళూ నేర్పే చెయ్యి ఇంట్లోనే ఉండె.

ఐదున్నర బస్సు ఎక్కాను. బొంగ్లూరు దాటాక ఫోను మోగింది, వీడియో కాల్. ఫోను మళ్ళీ బియ్యం డబ్బాకు ఆనించి ఉంది, ఎవరూ పట్టుకోలేదు. సరిత రెండు చేతులూ భుజం దగ్గరికి తెచ్చింది. ఎడమచెయ్యి పాయ తిప్పింది. కట్టులోని చెయ్యి కదల్లేదు.

అప్పుడు తెలిసింది. మధ్యాహ్నం అది నన్ను ఏమీ అడగలేదు. అక్కా అని పిలిచింది, అంతే. మూడుసార్లు పిలిచినా నేను పలకలేదు.

ఇబ్రహీంపట్నం వెళ్ళడం కష్టమేమీ కాదు. రోడ్డు బాగుంది, బస్సులకు లోటు లేదు. ఫోన్‌లో రోజూ చూస్తున్నాను కదా అని నేనే నెల రోజులు కూర్చున్నాను.

ఫోనును ఒళ్ళో సంచికి ఆనించి, కుడిచేతిని వీపు వెనక్కి పెట్టుకున్నాను. ఎడమచేత్తో, భుజం దగ్గర, ఒక్క పాయ తిప్పి నన్ను చూపించుకున్నాను. సరిత కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. కట్టున్న చేతిని ఒళ్ళోకి దించి, ఎడమచేత్తో అలాగే తిప్పింది.

ఈసారి పలికాను.