మావారి హెలికాప్టర్, నా చిక్కం

మావారు మొదటిసారి హెలికాప్టర్ కూల్చినప్పుడు నేను వంటింట్లో పప్పుకి పోపు పెడుతున్నాను. ముందుగదిలోంచి ధడేల్‌మని చప్పుడు వచ్చేసరికి గరిటె చేత్తో పట్టుకునే పరుగెత్తాను. ఆయన నిక్షేపంలా కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా కంప్యూటర్ తెర మీద ఒక హెలికాప్టర్ పక్కకి ఒరిగిపోయి పొగలు కక్కుతోంది. "అబ్బే, ఏం లేదు, నువ్వెళ్ళు" అన్నారు. నేను వెళ్ళేసరికి పోపు మాడిపోయింది.

ఈ వేషాలన్నిటికీ కారణం మా ఇంటికొచ్చిన కష్టమే. మాకు నూజివీడు దగ్గర, రెడ్డిగూడెం వెళ్ళే దారిలో మామిడితోట ఉంది. ఆ ఏడాది పూత మీద మందు కొడుతూ మావారు ట్రాక్టర్ మీదే స్పృహ తప్పారు. దేవుడి దయ, బండి నెమ్మదిగా పోయి ఒక చెట్టు మొదలుకి ఆనుకుని ఆగిపోయింది. విజయవాడ తీసుకెళ్తే, గుండె అప్పుడప్పుడూ లయ తప్పుతోందన్నారు డాక్టరుగారు. మందులు రాసి, "నేను చెప్పేదాకా మోటార్‌సైకిల్, కారు, ట్రాక్టర్, ఏదీ ముట్టుకోకూడదు" అని గట్టిగా చెప్పారు.

మావారి సంగతి తెలిసినవాళ్ళకి అదెంత పెద్ద శిక్షో అర్థమవుతుంది. మీసాలు రాకముందే ట్రాక్టర్ ఎక్కిన మనిషి. ఆ ట్రాక్టర్‌ని ఇంకొకళ్ళు ముట్టుకుంటే ఒంటికాలి మీద లేస్తారు. మిగిలిన మందు కొట్టడానికి వేరే బండి కిరాయికి పిలిస్తే, గట్టు మీద కూర్చుని ఆ డ్రైవర్‌ని తిట్టిన తిట్లకి అతను మర్నాడు రాలేదు. మన బండి ఖాళీగానే ఉందిగా, నాకు నేర్పండి, నేను తోలతానన్నాను. "ట్రాక్టరంటే మిక్సీ అనుకున్నావా, మీట నొక్కితే తిరగడానికి?" అని వెక్కిరించారు. నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత ఆ వెక్కిరింపు కూడా పోయింది. పొద్దున లేవరు, పేపర్ చదవరు, తోటకి రమ్మంటే గోడవైపు తిరిగి పడుకుంటారు. ఈ మనిషి ఇలాగే మంచానికి అంటుకుపోతాడేమోనని నాకు లోపల ఒకటే గుబులు.

అప్పుడు విజయవాడలో ఉండే మా తమ్ముడు ఒక ఆదివారం కారు డిక్కీలో ఏవేవో సామాన్లు వేసుకుని వచ్చాడు. వాడు సరదా తీరి మూల పడేసినవి. కంప్యూటర్, పెద్ద తెర, కుడిచేతికి ఒక కర్ర, ఎడమచేతికి పైకి లాగే ఒక లివర్, కాళ్ళకి రెండు పెడళ్ళు. "బావగారూ, హెలికాప్టర్ తోలతారా? ఇక్కడైతే ఎన్నిసార్లు పడిపోయినా దెబ్బ తగలదు" అన్నాడు. డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన నవ్వి, కుర్చీలోంచి పడనంతవరకు తనకేమీ అభ్యంతరం లేదన్నారు.

మావారికి మళ్ళీ పని దొరికింది. తెర మీద అచ్చం మన ఊళ్ళే కనిపిస్తాయి. గన్నవరం విమానాశ్రయంలో లేవడం, ఉంగుటూరు వైపు పొలాల మీద ఊగిసలాడటం, కూలిపోవడం. ఒకరోజు కొట్టుమిట్టాడుతూ మా తోటదాకా వచ్చారు. చూద్దును కదా, ఆ కంప్యూటర్ మా రసాల చెట్లన్నీ పీకేసి సరుగుడు మొక్కల్లాంటివేవో పాతిపెట్టింది. "వీడి మొహం మండ, మన తోట ఎవడు నరికాడే!" అని ఆయన నిజంగానే కేకలు పెట్టారు. చాలా రోజుల తర్వాత ఆ గొంతు వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

ముందుకి పోవడం బాగానే వచ్చింది కానీ, గాల్లో ఒకచోట కదలకుండా నిలబెట్టడం మాత్రం చచ్చినా రాలేదు. అది రాకపోతే దిగడం రాదు. తప్పు ఎక్కడుందో మా తమ్ముడే పట్టుకున్నాడు. హెలికాప్టర్‌కి ఎడమ పెడల్ తొక్కితే ముక్కు ఎడమవైపు తిరుగుతుంది. ట్రాక్టర్‌కి అక్కడ క్లచ్ ఉంటుంది. కంగారు పుట్టగానే మావారి ఎడమకాలు తనంతట తనే క్లచ్ అనుకుని అడుగంటా తొక్కేస్తుంది. ఇంకేముంది, హెలికాప్టర్ బొంగరంలా గిర్రున తిరిగి నేలకి కొట్టుకుంటుంది. "బావగారూ, అది క్లచ్ కాదండీ!" అని తమ్ముడు వీడియో కాల్‌లో చూస్తూ అరిచేవాడు. "నాకు తెలుసయ్యా, నా కాలికి చెప్పు!" అని ఈయన అరిచేవారు.

ఆ గోల భరించలేక ఒకరోజు "లేవండి, నేను చూస్తాను" అని కుర్చీలో కూర్చున్నాను. నేనేదో చేసేస్తానని కాదు, ఆ దరిద్రం ఎలా ఉంటుందో చూద్దామని. లివర్ కొంచెం లాగాను, లేచింది. ఊగింది. నేను కంగారు పడలేదు, మునివేళ్ళతో కర్రని అటు కాస్త, ఇటు కాస్త అన్నాను. అది మా పెరటి జామచెట్టంత ఎత్తున అలా ఆగింది! నేను నోరు వెళ్ళబెట్టాను. కాసేపటికి పడిపోయిందనుకోండి, అది వేరే సంగతి. వెనక్కి తిరిగి చూస్తే మావారు గదిలో లేరు. అన్నం కూడా విడిగా పెట్టుకుని తిన్నారు. మహా రోషం.

నాకెలా వచ్చిందో నాకే తెలియదు. కాయ కోతల్లో గానీ తెలియలేదు. మా దగ్గర రసాలని కింద పడనివ్వకూడదు, పడితే కాయ పాడవుతుంది. పొడుగాటి వెదురుగడకి కొసన వల సంచీ కడతాం. దాన్నే చిక్కం అంటాం. ఆ చిక్కంలోకి కాయని తీసుకుని, తొడిమ దగ్గర మెల్లగా తెంపాలి. గడ అంత పొడుగుంటే చెయ్యి ఇక్కడ కదిపితే కొస అక్కడ ఆలస్యంగా కదులుతుంది. ఊగుతోంది కదా అని బలంగా లాగామా, ఇంకా ఊగుతుంది. చిన్నప్పట్నుంచీ మా పుట్టింటి తోటలో అదే నా పని. మావారు ఏనాడూ చిక్కం పట్టలేదు. ఆయనెప్పుడూ కాయలు ట్రాలీలో తోలుకెళ్ళడమే.

కోతల మొదటివారంలో ఆయన నా వెనకాలే తోటకొచ్చారు. కాసేపు చెట్టుకింద నిలబడి, ఎటో చూస్తూ, "ఆ రోజు ఏం చేశావే నువ్వు?" అన్నారు.

"చెప్తే వింటారా?"

"వినకపోతే అడుగుతానా?"

చిక్కం చేతికిచ్చాను. గొడ్డలి పట్టుకున్నట్టు పట్టుకున్నారు. కాయకి గురిపెట్టి, అది తప్పగానే వెనక్కి గుంజి, కొమ్మకి కొట్టి, పిందెలతో సహా రాల్చారు. "అయ్యో రామ! గట్టిగా పట్టుకోకండి. ఊగితే ఊగనివ్వండి. దాని వెంట పడకండి. కొస వస్తోందనగా ముందే కొంచెం తగ్గించండి" అన్నాను. కాళ్ళు కూడా బిగబట్టి నిలబడ్డారు. "కాళ్ళతో మీకేం పని? వదిలేయండి" అన్నాను. ఆ పూటంతా తిట్టుకుంటూ కోశారు. సాయంత్రానికి ఒక కాయ సొన అంటకుండా, తొడిమతో సహా చిక్కంలో దిగింది. నాకు చూపించి గంపలో పెట్టారు.

వేసవి అయిపోయేలోగా హెలికాప్టర్ మా తోట మీద, ఆ సరుగుడు చెట్ల మధ్యన, కదలకుండా నిలబడింది. మెల్లగా దిగింది కూడా. ఎడమకాలు బుద్ధిగా ఉంది. ఆయన చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇక డాక్టరుగారు ట్రాక్టర్‌కి ఊఁ అనడమే తరువాయి అని ఇద్దరం అనుకున్నాం.

డాక్టరుగారు ఊఁ అనలేదు. తొలకరి పడ్డాక వెళ్తే, పరీక్షలన్నీ చూసి, "మిగతావన్నీ చేసుకోండి. డ్రైవింగ్ సంగతి మాత్రం ఇక మర్చిపోండి" అన్నారు. బస్సులో నూజివీడు వచ్చేదాకా మావారు కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నారు. ఆటోలో కూడా అంతే. మళ్ళీ మంచం, మళ్ళీ గోడ అనుకుని నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

ఇంటికి రాగానే మంచినీళ్ళు తాగి, తలుపు వెనకాల మేకుకున్న ట్రాక్టర్ తాళం తీశారు. గుమ్మానికి అడ్డంగా నిలబడి, "డాక్టరుగారు చెప్పింది చెవికెక్కలేదా? నన్ను చంపేసి వెళ్ళండి!" అని అరిచాను.

"నాక్కాదే పిచ్చిదానా" అని తాళం నా చేతిలో పెట్టారు. "పద, తోట దున్నాలిగా."

నేను సీటు మీద ఎక్కాను. ఆయన పక్కన నేల మీద నడుస్తూ చెప్పారు. మొదటిసారి బండి ఎగిరిపడి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి బండి వెనక దున్నే గొర్రు చెట్టు పాదులోకి పోయి వేరు తెగింది. ఇక మొదలవుతాయి తిట్లు అని తల వంచుకున్నాను. తిట్టలేదు. చెయ్యి స్టీరింగ్ మీదికి రాబోయి, మధ్యలోనే వెనక్కి వెళ్ళింది.

"పర్లేదు, మళ్ళీ స్టార్ట్ చెయ్యి. నేనెన్ని కూల్చానో నీకు తెలీదా?" అన్నారు.

ఈసారి బండి కదిలి, ఆగకుండా వరస చివరిదాకా వెళ్ళింది. వెనక్కి తిరిగి చూస్తే చాళ్ళు పాము పాకినట్టున్నాయి. ఆ చాళ్ళ మధ్యన, పంచె ఎగ్గట్టుకుని, నా వెంట గబగబా నడిచొస్తున్నారు మావారు.

"ఇక దిగు, అలసిపోయావు" అన్నారు.

"నేను దిగనండీ" అన్నాను.