పదకొండు లీటర్లు

మా ఇంట్లో హాలుకూ పడకగదికీ పదకొండు లీటర్ల రంగు చాలునని లెక్క వేశాను. టేపుతో గోడల పొడవు, ఎత్తు కొలిచాను. తలుపులు, కిటికీలు లెక్కలోంచి తీసేశాను. బీరువా వెనక గోడ ఎవరికీ కనిపించదు కాబట్టి అదీ తీసేశాను. రెండు కోటింగులకు లీటరు ఎన్ని చదరపు అడుగులకు వస్తుందో డబ్బా మీద చూసి భాగించాను. పదకొండు కంటే కొంచెం తక్కువే వచ్చింది.

నా భర్త గుడియాత్తంలో పెయింటింగ్ మేస్త్రి. ఇక్కడా, వేలూరులోనూ, కనియంబాడి దాకానూ ఎన్ని ఇళ్లకు రంగు వేయించాడో నాకు తెలియదు. సొంత ఇంటికి మాత్రం వచ్చే ఏడు చూద్దాం అంటూ ఉండిపోయాడు. ఆయన పోయి పది నెలలైంది. సంవత్సరీకానికి ఆయన అన్నదమ్ములు వస్తారు. ఆలోపల గోడలు బాగుచేయించాలి. ఆయన చేయకుండా వదిలిన ఈ ఒక్క పనికైనా లెక్క నేనే వేయాలనుకున్నాను.

అడగడానికి మనిషి లేక కాదు. ఆయన దగ్గర పద్దెనిమిదేళ్లు పనిచేసిన ఆమె రెండు వీధుల అవతలే ఉంటుంది. ఆమెను అడగకూడదనే టేపు కొన్నాను. ఇది అసూయ. దీనికి ఇంకో పేరు పెట్టను. వాళ్లిద్దరి మధ్య ఏదో ఉందని నేనెప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ పగలంతా ఆయన ఆమె ఎదుట ఉన్నాడు. నేను వేలూరులో కాలేజీ లైబ్రరీ పని ముగించుకుని బస్సు దిగేసరికి అలసిపోయి ఉండేవాడు. పని అయ్యాక మిగిలిన మనిషి నాకు దక్కాడు.

రంగుల అంగడిలో కుర్చీలో కూర్చున్నాయన, "ఇది మిషన్లో కలిపే రంగు. మొత్తం ఒకేసారి చెప్పండమ్మా. మళ్లీ కలిపితే కొంచెం తేడా రావచ్చు" అన్నాడు. నా లెక్క మీద నాకు నమ్మకం పోయింది. ఏమీ కొనకుండా వచ్చి ఆమెను పిలిపించాను.

ఆమె టేపు ముట్టుకోలేదు. అరచేయి నీళ్లలో తడిపి గోడకు ఆనించి తీసింది. ఆ తడి గుర్తు ఆరిపోయేదాకా పెదవులు కదిలిస్తూ ఒకటి, రెండు లెక్కపెట్టింది. నాలుగు చోట్ల అట్లాగే చేసింది.

"ఏం చేస్తున్నావు?"

"గోడ ఎంత తాగుతాదో చూస్తా ఉండానక్కా. మేస్త్రి ఇట్లనే గదా చూసేది. నీకు తెలీదా?"

తెలియదు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన గోడ మీద తడి చేయి పెట్టడం నేను చూడలేదు.

"మంచి దప్పి మీద ఉండాది గోడ. పదహారు లీటర్లు తెచ్చుకో."

"నాకు పదకొండే వచ్చింది. తలుపులు, కిటికీలు తీసేసి..."

ఆమె నవ్వింది. "అవి తీయగూడదక్కా. కిటికీ పక్కలు, అలమారా లోపల ఎవరు పూసేది? తలుపుకు మిగిలింది ఆడికి పోతాది. ఏమి, బీరువా ఎనకాల కూడా తీసేసినావా? రేపు బీరువా జరిపితే గోడకు ముసుగేస్తావా?"

"ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదు ఆయన."

"నువ్వు పుస్తకంలోంచి తలకాయ ఎత్తితే గదా! నువ్వు చదివి వినిపించే కథలు మాత్రం మాకు చెప్పేవాడు. నిచ్చెన మీద కూసోని, ఆయమ్మ నిన్న ఇది చదివింది అని."

ఆయన బడిలో చదివింది తమిళం, తెలుగు చదవడం రాదు. సాయంత్రాలు నేను పైకి చదివేదాన్ని, ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. మా ఇద్దరిదే అని నేననుకున్నది అదొక్కటే. అదీ తీసుకెళ్లి అక్కడ పంచిపెట్టాడు.

మర్నాడు అంగడికి వెళ్లి పదకొండు లీటర్లే కొన్నాను. పొరపాటున కాదు.

పని ఆమే చేసింది. మూడో రోజు మధ్యాహ్నం, హాలులో చివరి గోడ సగానికి వచ్చేసరికి, డబ్బా అడుగు గీకుతున్న చప్పుడు వినిపించింది. నేను వెళ్లి ఇంకో అయిదు లీటర్లు తెచ్చాను. ఆమె కొంచెం పూసి, ఆరేదాకా ఆగి చూసింది. కొత్త రంగు ఒక వాసి తెల్లగా ఉంది.

"సగంలో అతికిస్తే తెలిసిపోతాది. మూల నుంచి మూలకు ఈ గోడంతా కొత్తదాంతోనే వేస్తా. మూల దగ్గర మారితే కన్ను పట్టదు."

ఆమె మళ్లీ మొదటి నుంచి వేయడం మొదలుపెట్టింది. చూస్తూ నిలబడలేక చెప్పాను. "కావాలనే తక్కువ కొన్నాను."

"తెలుసక్కా. డబ్బాలు చూసినప్పుడే తెలుసు."

"మరి చెప్పలేదే?"

"నీ ఇల్లు, నీ మొగుడు. నడమ నేనేం చెప్పేది?" రోలర్ ముంచుతూ అంది. "మేస్త్రి ఉండుంటే మాత్రం తిట్టుండేవాడు."

"నన్నెప్పుడూ తిట్టలేదు."

"నిన్ను తిడతాడా? తిట్లన్నీ మాకే."

ఎట్లా తిట్టేవాడని అడిగాను. ఆమె సిగ్గుపడింది. మళ్లీ అడిగాను. అప్పుడు నడుము మీద చేయి పెట్టుకుని, గొంతు లావు చేసింది.

"ఏమే, కండ్లు యాడ పెట్టుకోని కొలిచినావు? సగం చీర కట్టుకోని నిలబడుండాది చూడు గోడ!"

ఆ గొంతుతో ఆయన మా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. అట్లా నడుము మీద చేయి పెట్టుకునే మనిషి నాకు తెలియదు. ఆమెకు తెలుసు. నవ్వాలని చూశాను, రాలేదు. ఇంకోసారి తిట్టమని అడిగాను.