ఎర్ర బటన్ నొక్కేదెవరు

అమెరికాలో మేముండే ప్లెయిన్స్‌బరోలో మా అమ్మాయి స్కూల్లో ఏటా ఒక తంతు ఉంటుంది. పిల్లలు గొప్పవాళ్ల వేషాలేసుకుని మైనపు బొమ్మల్లా కదలకుండా నిలబడాలి. ఎదురుగా అతికించిన ఎర్ర కాగితం బటన్‌ని ఎవరైనా నొక్కితే, ఆ బొమ్మ తన జీవితం చెప్పుకుంటుంది. చీటీల్లో మా పిల్లకి పంతొమ్మిదో శతాబ్దపు లాయరొకడు తగిలాడు. కొన్నాళ్లు అక్కడి పార్లమెంటులో, అంటే కాంగ్రెస్‌లో కూర్చున్నాడు, తర్వాత ఓడిపోయాడు, అంతే. "మమ్మీ, నా బటన్ ఎవరూ ప్రెస్ చెయ్యరు" అని పొద్దున్నే ఏడుపు.

దాన్ని బుజ్జగించే ఓపిక నాకు లేదు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ వీక్, దానికి తోడు ఇంట్లో మామయ్యగారు. ఊళ్లో లాయరు ప్రాక్టీసు మానేసి ఆర్నెల్లు ఉందామని వచ్చారు. నోరు తెరిస్తే కోర్టు కబుర్లే. మా ఆయన ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకుంటాడు. నేను గిన్నెలు సర్దుతూ ఊఁ కొడతాను. పిల్లకి ప్రసంగం ఆయనే నేర్పుతానంటే, పోనీలే, ఒక పని తప్పిందనుకున్నాను.

ఆ రోజు స్కూలు జిమ్ హాల్లో ప్రెసిడెంట్ల ముందు, వ్యోమగాముల ముందు క్యూలు. మా పిల్ల ముందు ఒక్క పురుగు లేదు. నా నల్లకోటు భుజం మీంచి జారిపోతున్నా సర్దుకోకుండా నిలబడింది పాపం, కళ్లనిండా నీళ్లు. నేను నొక్కబోతే పెదవులు కదపకుండానే "నువ్వు కౌంట్ కావు మమ్మీ" అంది.

ఇంతలో గావుకేక. ఇంకెవరు, మామయ్యగారే! కోర్టు వరండాలో బంట్రోతు పార్టీలని పిలిచినట్టు, ఆ లాయరు పేరుని సాగదీసి మూడుసార్లు పిలిచారు. హాలంతా ఠక్కున ఆగిపోయింది. నాకు తల తీసేసినట్టయింది.

"అయ్యో మామయ్యగారూ, ఇది కోర్టు కాదండీ!"

"పిలవకపోతే కేసెలా నడుస్తుందమ్మా?"

జనం నవ్వుకుంటూ వచ్చారు. ఒకావిడ బటన్ నొక్కింది. పిల్ల ఇంగ్లీషులో గడగడా అందుకుంది, గెలిచిన కేసులు, ఓడిన ఎలక్షన్లు. "చివర్లో క్లయింట్లెవరూ రాకపోయినా రోజూ కోటు వేసుకుని, ఆఫీసు తీసి కూర్చునేవాణ్ణి" అని ముగించింది. ఆ లాయరు గురించి మేం చదివిన దాంట్లో ఆ ముక్క లేదు. అది మామయ్యగారి సొంత కథ.

కార్లో అందరం అలిసిపోయి ఉన్నాం. వెనక సీట్లో పిల్ల తన ఎర్ర కాగితాన్ని మామయ్యగారి అరచేతికి అతికించి, గట్టిగా నొక్కింది.

"తాతా, నీ బటన్ ప్రెస్ చేశాను. ఇప్పుడు నువ్వు చెప్పాలి."

మామయ్యగారు గొంతు సవరించుకున్నారు. నేను రేడియో ఆపేశాను.